పాత స్టీరియో రిసీవర్, చిన్న స్పీకర్లు ఈ రోజుల్లో తీసుకోవచ్చా?

మీ మేనమామ సౌదీ నుంచి తెచ్చిన 1970ల పయనీర్ రిసీవర్ (రేడియో, ఆంప్లిఫైయర్ కలిసి ఉన్న పెట్టె) ఉట్టిగనే ఇస్తానంటున్నాడు, దానికి చిన్న స్పీకర్లు కొని నల్లగొండలో మీ గదిలో పెట్టుకోవాలా, లేక ఆ పైసలతో సౌండ్‌బార్ తీసుకోవాలా అని అడిగారు. రిసీవరే తీసుకోండి. మిర్యాలగూడలో మా ఇంట్లో పయనీర్ ఎస్‌ఎక్స్-450 ఏండ్ల తరబడి నడుస్తోంది. పొద్దున వార్తలు, రాత్రి పాటలు అన్నీ దాంట్లోనే. కానీ సజ్జ మీది నుంచి దించగానే ప్లగ్ మాత్రం పెట్టకండి.

ఎందుకంటే సౌదీలో ఆ కాలంలో చాలా ఇండ్లకు 127 వోల్టుల కరెంటే వచ్చేది, మనది 230. ఎగుమతికి చేసిన రిసీవర్లలో చాలావాటికి వెనక వోల్టేజీ మార్చే ఏర్పాటు ఉంటుంది: 110, 120, 220, 240. అది 120 దగ్గరే ఉండిపోయిన సెట్టును మన గోడకు తగిలిస్తే ముందు ఫ్యూజు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ పోతాయి. 240 దగ్గర పెట్టించండి. ఊళ్లో బోరు మోటర్లు బంద్ అయినప్పుడు వోల్టేజీ ఒక్కసారి లేస్తుంది కాబట్టి 220 కన్నా అదే నయం. మార్చే ఏర్పాటే లేని అమెరికా సెట్టయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. వాటిలో కొన్ని 60 హెర్ట్జ్‌కే చేసినవి, మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతాయి.

తర్వాత మెకానిక్. పాత ఆంప్లిఫైయర్లు విప్పి చూసిన పెద్దాయన దగ్గరికే వెళ్లండి. మంచి మెకానిక్ మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెడతాడు. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే, ఫుల్లుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మారుస్తాడు, వాల్యూమ్ తిప్పితే వచ్చే కరకర సప్పుడును కాంటాక్ట్ క్లీనర్‌తో పోగొడతాడు, స్పీకర్ తగిలించే ముందు ఆ టెర్మినళ్ల మీద స్పీకర్‌ను కాల్చే డీసీ కరెంటు ఉందేమో మీటర్‌తో చూస్తాడు. ఇది చూడకుండా కొత్త స్పీకర్లు తగిలిస్తానంటే ఒప్పుకోకండి. మన దగ్గర దొరకని పార్టులు హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో వెతకొచ్చు.

ఇంత తిప్పలు ఎందుకు పడాలి? నాకైతే కారణం ఇదే: ఆ పెట్టెను విప్పి బాగు చేసుకునేలా కట్టారు. మూత తీస్తే ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు విడివిడిగా కనబడతాయి, సర్వీస్ మాన్యువల్‌లో ప్రతి పాయింటు దగ్గర ఎంత వోల్టేజీ ఉండాలో రాసి ఉంటుంది. మా చుట్టాలింట్లో ఒక సౌండ్‌బార్ బోర్డు పోతే, ఆ బోర్డు ఇక రాదన్నారు. మిగతా సామాను అంతా మంచిగ ఉన్నా మూలకు పడింది. నాకు అది చూస్తే బాధేసింది.

ఇంకోటి, వాట్లు. ఎస్‌ఎక్స్-450 మీద ఒక్కో చానల్‌కు, అంటే కుడి, ఎడమ స్పీకర్లలో ఒక్కోదానికి, 15 వాట్లే అని ఉంటే మా ఇంటికొచ్చినవాళ్లు నమ్మరు. బజార్లో డబ్బా మీద పీఎంపీఓ అని, అసలుకు మించిన వాట్లు వేలల్లో రాస్తారు కదా! అమెరికాలో 1974 నుంచి ఒక నిబంధన వచ్చింది: రెండు చానళ్లూ కలిపి నడుస్తుండగా, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, ఎంత డిస్టార్షన్‌తో ఆ వాట్లు వస్తాయో చెప్పాలి. అందుకే ఆ 15 అచ్చంగా 15. 86 డెసిబెల్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) స్పీకర్‌కు 1 వాటు ఇస్తే మీటరు దూరంలో 86 వస్తుంది, 10 వాట్లు ఇస్తే 96. పది, పన్నెండు అడుగుల గదికి అది చాలా ఎక్కువ.

అందుకే చిన్న స్పీకర్లతో జత కుదురుతుంది. చిన్న పెట్టెలోంచి బాస్ తీయడం 1954లో ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్ ఏఆర్-1 అనే స్పీకర్‌తో మొదలుపెట్టాడు: పెట్టెను గాలి చొరకుండా మూసి, లోపలి గాలినే కోన్‌కు (స్పీకర్‌లో కదిలి శబ్దం చేసే గరాటు లాంటి భాగం) స్ప్రింగులా వాడుకున్నాడు. 1970ల్లో బీబీసీ వాళ్లు అవుట్‌డోర్ ప్రసారాల వ్యానుల్లో పెట్టుకోవడానికి అడుగు ఎత్తు ఎల్‌ఎస్3/5ఏ అనే స్పీకర్ చేయించారు. మాట స్పష్టంగా వినబడడమే దాని పని. చిన్న స్పీకర్ల గొప్పతనం గొంతులోనే ఉంది. మన పాత సినిమా పాటలు మోనో (రెండు స్పీకర్లలో ఒకే సౌండ్) కదా, రెండు స్పీకర్ల మధ్యన సరిగ్గా కూర్చుంటే పాడే మనిషి ఎదురుగా నిలబడ్డట్టే ఉంటుంది. ఒగ్గు కథ డోలు దెబ్బ మాత్రం ఛాతీకి తగిలేలా రావాలంటే వీటితో కాదు, అది ముందే తెలుసుకోండి.

రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక తక్కువ సౌండ్‌తో వింటే లౌడ్‌నెస్ బటన్ నొక్కండి. సౌండ్ తగ్గినకొద్దీ మన చెవికి బాస్ తక్కువ వినబడుతుంది, ఆ బటన్ దాన్ని సరిచేస్తుంది. ఈ ఒక్క బటన్ కోసమైనా పాత రిసీవర్ కావాలంటాను నేను.

మీ ఫోన్‌ను రిసీవర్ వెనక ఆక్స్ అని ఉన్న సాకెట్‌కు ఆర్‌సీఏ తీగతో కలపొచ్చు, ఫోనోకు కాదు, అది రికార్డు ప్లేయర్ కోసం. రేడియో వినాలంటే ఒకటి చూసుకోండి: జపాన్ లోపల అమ్మడానికి చేసిన సెట్లలో ఎఫ్‌ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకే ఉంటుంది, 102.8 మీది హైదరాబాద్ వివిధ భారతి అందులో దొరకదు. సౌదీ సెట్టుకు ఆ ఇబ్బంది ఉండే అవకాశం తక్కువ.

స్పీకర్లను గోడ గూట్లో దూర్చకండి, వెనక రంధ్రం ఉన్నవైతే బాస్ గుమ్మని ఉబ్బుతుంది. జానెడైనా గోడకు ఎడం ఇవ్వండి. గచ్చు నేల, ఖాళీ గోడలైతే మాట మోగుతుంది, చాపో జంపఖానో పరవండి. రిసీవర్ మీద మాత్రం అల్లిక గుడ్డ కప్పొద్దు, మన ఎండాకాలంలో దానికి పైనుంచే గాలి ఆడాలి. స్పీకర్లు పాతవి కొంటుంటే కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ అంచును వేలితో మెల్లగా తాకండి, పొడి రాలితే వదిలేయండి. వెనక 8 ఓమ్‌లు అని ఉన్నవే తీసుకోండి. 4 ఓమ్‌ల జతలు రెండు తగిలించి, ఒక్కో జతకు ఒకటిగా ఉండే ఏ, బీ స్విచ్‌లు రెండూ వేస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి.