లూసీ వయసు లెక్కలో సున్నా ఎందుకొస్తోంది

లూసీ అనే మానవ పూర్వీకురాలి ఎముకల వయసును కార్బన్-14తో లెక్కిస్తే సున్నా వస్తోందని అడిగారు. లెక్క సరిగ్గానే వేశారు, ఎంచుకున్న పద్ధతే తప్పు. కార్బన్-14 అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గే కాలం, 5,730 ఏళ్లే. సుమారు 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. 32 లక్షల ఏళ్లకు సున్నా రాక మరేమొస్తుంది?

1. 1974లో ఇథియోపియాలోని హదార్‌లో దొరికిన ఆ ఎముకల్ని పక్కన పెట్టండి. చాలామంది తప్పేది ఇక్కడే: వయసు కట్టింది ఎముకకు కాదు, దాని కింది అగ్నిపర్వత బూడిద పొరకు. ఆ పొర 31.8 లక్షల ఏళ్లనాటిది. లూసీ దానికి పైన ఉంది కాబట్టి అంతకన్నా కొంచెం తక్కువ. పుస్తకాల్లో సుమారుగా 32 లక్షలని రాస్తారు.

2. బూడిదలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు రవ్వల్లో పొటాషియం-40 ఆర్గాన్ వాయువుగా మారుతుంది. అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు. కరిగిన రాయి నుంచి పాత ఆర్గాన్ బయటికి పోతుంది, లెక్క అక్కణ్నుంచి మొదలు.

3. రవ్వల్ని ఒక్కొక్కటిగా కొలవాలి. మన నల్గొండ గుట్టల గ్రానైట్‌లోనూ ఫెల్డ్‌స్పార్ ఉంది, దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాగు అలాంటి పాత రవ్వ ఒక్కటి తెచ్చి కలిపినా సగటు ఎక్కడికో పోతుంది.

4. ఆర్గాన్‌ను బట్టి వయసు కట్టే సూత్రం వాడేటప్పుడు గుర్తుంచుకోండి: పొటాషియం-40లో దాదాపు 11 శాతమే ఆర్గాన్ అవుతుంది, మిగతాది కాల్షియం.