యాభై డాలర్ల నోటు మీది తోలు దుకాణం గుమస్తా

ప్రశ్న: అమెరికా 50 డాలర్ల నోటు మీద గడ్డంతో ఉన్నాయన పేరు యులిసిస్ గ్రాంట్ అని, ఆయన యుద్ధం చేసొచ్చి ఒక చిన్న ఊళ్ళో తోలు దుకాణంలో పనిచేశాడని మా అబ్బాయి చెప్పాడు. నిజమేనా? అంత పెద్ద సేనాని వ్యాపారంలో ఎందుకు నెగ్గుకురాలేకపోయాడు?
- ఓ పాఠకుడు

జవాబు: నిజమేనండీ. కాకపోతే దుకాణంలో పనికి కుదిరేనాటికి ఆయన్ని సేనాని అని ఎవరూ అనలేదు. 1846-48 మెక్సికో యుద్ధంలో పోరాడి, 1854లో కెప్టెన్‌గా ఉండగా రాజీనామా చేసి వచ్చేసిన మనిషి. భార్యాపిల్లలకి దూరంగా పసిఫిక్ తీరంలో ఒంటరితనం భరించలేకపోయాడు, తాగుతాడని పేరు కూడా పడింది. తిరుగు దారిలో న్యూయార్క్‌లో దిగేసరికి జేబు ఖాళీ. హోటల్ బిల్లుకి బక్నర్ అనే పాత స్నేహితుడు హామీ ఉండాల్సి వచ్చింది. ఈ బక్నర్ పేరు గుర్తుపెట్టుకోండి.

తర్వాతి ఆరేళ్ళ సంగతి ఎప్పుడు చదివినా నాకు మనసు బరువెక్కుతుంది. సెయింట్ లూయిస్ దగ్గర మామగారి భూమిలో తన చేతుల్తో దుంగలు పేర్చి ఇల్లు కట్టుకున్నాడు, సాగు చేశాడు, కట్టెలు కొట్టి బండికెత్తి ఆ పాత మిలటరీ ఓవర్‌కోటుతోనే పట్నం వీధుల్లో తిరిగి అమ్మాడు. 1857లో దేశమంతా ఆర్థిక సంక్షోభం. ఆ ఏడాది క్రిస్మస్ ఇంకో రెండు రోజులుందనగా బంగారు గడియారం తాకట్టు పెట్టి 22 డాలర్లు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత జ్వరాలు పట్టుకుని సాగు వదిలేశాడు, భార్య తరఫు బంధువుతో కలిసి ఇళ్ళ అద్దెలు వసూలు చేసే వ్యాపారం పెట్టాడు, అదీ నడవలేదు. చివరికి 1860లో, 38 ఏళ్ళ వయసులో, నలుగురు పిల్లల్ని వెంటేసుకుని ఇల్లినాయ్ రాష్ట్రంలోని గలీనాకి చేరాడు. సీసం గనుల వల్ల పెరిగిన చిన్న ఊరది. అక్కడ తండ్రి జెస్సీకి ఒక తోలు దుకాణం ఉండేది, తమ్ముళ్ళు సింప్సన్, ఆర్విల్ దాన్ని చూసుకునేవాళ్ళు. ఈయనకి జీతం ఏడాదికి 600 డాలర్లు. యుద్ధంలో మెప్పు పొందిన మనిషి తమ్ముళ్ళు నడిపే కొట్లో బిల్లులు రాయడం, తోళ్ళు తూచడం ఎంత కష్టమో ఒక్కసారి ఊహించండి.

ఎందుకు నెగ్గలేదంటే, లెక్కలు రాకపోవడం వల్ల మాత్రం కాదు. మెక్సికో యుద్ధంలో ఆయన క్వార్టర్‌మాస్టర్, అంటే పటాలానికి తిండి, బండ్లు, కంచరగాడిదలు అన్నీ సమకూర్చి పైసా పైసాకి లెక్క చెప్పాల్సిన ఉద్యోగం. ఆ పని బాగానే చేశాడు. నాకు తోచిన కారణాలు రెండు. ఒకటి, కాలం కలిసిరాలేదు. పసిఫిక్ తీరంలో ఉన్నప్పుడు తోటి అధికారులతో కలిసి బంగాళాదుంపలు వేస్తే కొలంబియా నదికి వరదొచ్చి కొంత పోయింది, మిగిలింది కొనేవాడు లేడు, ఎందుకంటే ఆ ఏడు అందరూ అదే పంట వేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఓడలో ఐసు పంపితే అది చేరేలోపు ధర పడిపోయింది.

రెండోది మొహమాటం. అద్దె కట్టలేనివాడి గుమ్మంలో నిలబడి గట్టిగా అడగాలంటే ఆయనకి నోరు పెగిలేది కాదు. నమ్మి డబ్బు పెడితే ఒక దుకాణదారుడు ఆయన వాటా ఎగ్గొట్టాడు. 1859లో, తనకే పూట గడవని రోజుల్లో, తన కింద ఉన్న విలియం జోన్స్ అనే బానిసని అమ్ముకుంటే మంచి సొమ్మే వచ్చేది. అమ్మలేదు, కోర్టుకెళ్ళి స్వేచ్ఛ రాసిచ్చాడు. వ్యాపారంలో ఆయన్ని దెబ్బతీసిన మెత్తదనమే ఇక్కడా పనిచేసిందని నేననుకుంటాను, అందుకే ఆయన్ని చేతకానివాడని తేల్చేసే పుస్తకాలు చూస్తే నాకు కోపం వస్తుంది.

1861 ఏప్రిల్‌లో అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైంది, గ్రాంట్ ఉత్తరం వైపు. గలీనా జనం మీటింగ్ పెట్టుకుని, మాజీ కెప్టెన్ కదా అని ఈయన్ని అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఆ మీటింగ్ తర్వాత మళ్ళీ ఆ దుకాణంలోకి వెళ్ళి ఒక పొట్లం కూడా కట్టలేదని తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. ఇంతకీ ఆయనకి ముందు దొరికింది యుద్ధం పని కాదు, గవర్నర్ ఆఫీసులో సైన్యం ఫారాలు నింపే పని, ఎందుకంటే అక్కడ అవి తెలిసినవాళ్ళే లేరు! జూన్‌కల్లా కర్నల్ అయ్యాడు. 1862 ఫిబ్రవరిలో డోనెల్సన్ కోట దగ్గర ఆయనకి లొంగిపోయిన దక్షిణాది సేనాపతి ఎవరో తెలుసా, ఆ బక్నరే. గ్రాంట్ షరతులేవీ ఒప్పుకోలేదు, కానీ తర్వాత పక్కకి పిలిచి, డబ్బు అవసరమైతే నా దగ్గర తీసుకో అన్నాడట. 1865లో యుద్ధం గెలిచి వచ్చాక గలీనా పెద్దలు ఆయనకి ఒక ఇల్లు బహుమతిగా ఇచ్చారు. అది ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: తర్వాత అమెరికా అధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్ కూడా యుద్ధం నుంచి వచ్చి బట్టల కొట్టు పెట్టి ఐపీ పెట్టాడంటారు. నిజమా?
- ఓ పాఠకురాలు

జవాబు: కొట్టు పెట్టాడు, మునిగాడు, ఐపీ మాత్రం పెట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఫిరంగి దళం కెప్టెన్. ఫ్రాన్స్ వెళ్ళకముందు శిక్షణ శిబిరంలో ఎడ్డీ జాకబ్‌సన్ అనే సైనికుడితో కలిసి క్యాంటీన్ నడిపితే బ్రహ్మాండంగా లాభం వచ్చింది. ఆ ధైర్యంతోనే 1919 చివర్లో ఇద్దరూ కలిసి కాన్సస్ సిటీ నడిబొడ్డున చొక్కాలు, టైలు, టోపీల కొట్టు తెరిచారు. గలీనాలాంటి చిన్న ఊరు కాదది, పెద్ద నగరం. పాత సైనికులంతా వచ్చి కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు, మొదటి ఏడాది అమ్మకాలు బాగున్నాయి. యుద్ధం తర్వాతి అధిక ధరలకి సరుకు నింపుకున్నారు, 1920-21లో ధరలు ఒక్కసారిగా కూలిపోయాయి. 1922లో మూసేశారు. కొన్నేళ్ళకి జాకబ్‌సన్ ఐపీ పెట్టాడు, ట్రూమన్ ససేమిరా అని ఏళ్ళ తరబడి, రాజకీయాల్లోకి వచ్చాక కూడా ఆ బాకీలు తీరుస్తూనే ఉన్నాడు.

ఇద్దరికీ చెడలేదు, అది నాకు చాలా ఇష్టమైన విషయం. 1948 మార్చిలో అధ్యక్షుడు ట్రూమన్ పాలస్తీనా విషయంలో విసిగిపోయి యూదు నాయకుడు హైమ్ వైజ్‌మన్‌ని కలవనని భీష్మించుకుంటే, యూదుడైన జాకబ్‌సన్ అపాయింట్‌మెంట్ లేకుండా వైట్‌హౌస్‌కి వెళ్ళి, కళ్ళనీళ్ళు పెట్టుకుని బతిమాలి ఒప్పించాడు. కొట్టు మూతపడి అప్పటికి 26 ఏళ్ళు.