రాత్రి తయారయ్యే మంచు

మొగల్రాజపురం,
విజయవాడ.

చి. ల. సౌ. స్రవంతికి,

బాబాయి ఆశీస్సులు.

క్రిస్మస్ సెలవుల్లో మీ ఆఫీసు వాళ్లంతా డల్లాస్ నుంచి కొలరాడోకు స్కీయింగుకు వెళ్తున్నారనీ, ఏ రిసార్టులో మంచు ఎక్కువ పడుతుందో నన్ను అడగమన్నావనీ మీ నాన్న గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. 18 డిగ్రీలకే మంకీ క్యాపు తగిలించుకునే మనిషి, కూతురు కాళ్లకు పొడవాటి స్కీ పలకలు కట్టుకుని మంచులో జారబోతోందంటే కంగారు పడడా! ఆయనకు సర్దిచెప్పాను. నీకు మాత్రం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే నువ్వడిగిన ప్రశ్న డిసెంబరులో పెద్దగా పనికిరాదు.

ఆ రోజుల్లో కొత్తగా నేర్చుకునేవాళ్ల కాళ్లకింద ఉండేది చాలావరకు యంత్రాలు చేసిన మంచే. కీస్టోన్, అరపాహో బేసిన్, లవ్‌ల్యాండ్ లాంటి అక్కడి రిసార్టులు అక్టోబరు, నవంబరుల్లోనే తలుపులు తీయగలుగుతున్నాయంటే దాని చలవే. కృత్రిమం అనగానే మొహం చిట్లించకు. నా ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం అలాంటి కొండ మీద పంపులూ కంప్రెసర్లూ చూసుకుంటూనే గడిచింది. అది బాగా చేసిన మంచా, ఆదరాబాదరాగా చేసినదా అన్నదే అసలు ప్రశ్న.

నీటిని ఒత్తిడితో సన్నటి తుంపరగా గాలిలోకి చిమ్ముతారు. అందులో కొద్దిపాటి నీటికి కంప్రెసర్ గాలి కలుపుతారు. నాజిల్ దాటగానే ఆ గాలి వ్యాకోచించి చల్లబడటంతో ఆ కొద్ది నీరూ సూక్ష్మమైన మంచు రేణువులుగా మారుతుంది. మిగతా చుక్కలు వాటిని ఆసరా చేసుకుని గడ్డకడతాయి. నేలను తాకేలోపే ఇదంతా జరిగిపోవాలి, అందుకే మంచు గన్‌లనే ఈ తుంపర యంత్రాలను ఎత్తయిన స్తంభాల మీద పెడతారు, లేదా పెద్ద ఫ్యానుతో తుంపరను దూరంగా విసురుతారు. 1950లో కనెక్టికట్‌లో స్కీలు తయారుచేసుకునే ముగ్గురు, వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ, రంగులు కొట్టే కంప్రెసర్‌కు తోటకు నీళ్లు పెట్టే గొట్టం తగిలించి మొదలుపెట్టిన విద్య ఇది.

థర్మామీటరు ఒక్కటే చూస్తే మోసపోతాం. మన బెజవాడలో రోహిణి కార్తె వడగాలికి కూలరు ఎంత హాయిగా పనిచేస్తుందో గుర్తుందిగా? అదే కూలరు శ్రావణమాసంలో ఒంటికి జిడ్డు తప్ప ఏమీ మిగల్చదు. పొడి గాలిలో నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది, తేమ గాలిలో ఆ పని సరిగా జరగదు. మంచు గన్ దగ్గరా అదే లెక్క. తేమను కూడా కలుపుకుని చూసే ఉష్ణోగ్రతను వెట్ బల్బ్ అంటారు. అది సుమారు మైనస్ 2 డిగ్రీలకు దిగితే గన్‌లు తిప్పవచ్చు. గాలి బాగా పొడిగా ఉన్న రాత్రి మామూలు థర్మామీటరు సున్నాకు కాస్త పైన చూపిస్తున్నా మంచు చేయవచ్చు. ముసురు పట్టిన రాత్రి సున్నాకు ఒక డిగ్రీ కింద ఉన్నా చేయలేం.

అయితే మైనస్ 2 దగ్గర వచ్చేది నీరు నీరుగా ఉండే మంచు. చలి ముదిరేకొద్దీ పొడిగా వస్తుంది. సిబ్బంది రాత్రంతా కొండ మీద తిరుగుతూ తుంపర కింద చెయ్యి చాపి, కోటు మీద పడేది చూస్తారు. రేణువులు తుళ్లి రాలిపోతే సరే, అతుక్కుని తడి చేస్తే నీటిని తగ్గించాలి. ఇప్పుడు కంప్యూటర్లే అన్నీ సరిచేస్తున్నా, నాకు ఆ చేతి పరీక్ష మీదే నమ్మకం. అడుగు పొరకు తడి మంచు మంచిదే, గట్టిగా పట్టుకుంటుంది. పై పొర మాత్రం పొడిగా ఉండాలి. గన్‌ల కింద పోగైన గుట్టలను నీరు కారిపోయేదాకా వదిలేయాలి. పండుగ రద్దీ ముంచుకొస్తోందని వెంటనే తోసి పరిచేస్తే తెల్లారేసరికి వాలంతా గడ్డకట్టిన మంచుపలకే.

ఆకాశం నుంచి కొత్తగా పడిన మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. గన్ మంచు రేణువులు గుండ్రంగా, దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి, కాబట్టి 400 నుంచి 500 కిలోల దాకా ఉంటుంది. ఎండకు త్వరగా లొంగదు, వాలంతటా ఒకేలా ఉంటుంది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్కీ పోటీలు దాదాపు పూర్తిగా ఇలాంటి మంచు మీదే జరిగాయి. పోటీదారులకు ఆ గట్టిదనమే కావాలి. నువ్వు పడితే మాత్రం దెబ్బ గట్టిగా తగులుతుంది, అందుకే హెల్మెట్ విషయంలో వాదించకు. అద్దె స్కీల అంచులూ చూసుకో. గోటి పైభాగాన్ని అంచుకు అడ్డంగా గీస్తే కొద్దిగా పొడి రాలాలి. రాలకపోతే మరో జత ఇవ్వమను, మొహమాటమెందుకు, డబ్బిచ్చేది నువ్వేగా.

ఇక గ్రూమింగ్, అంటే వాలును దువ్వి చదును చేయడం. జనాన్ని కొండపైకి చేర్చే లిఫ్టులు ఆగాక స్నోక్యాట్‌లనే మంచు ట్రాక్టర్లు బయలుదేరతాయి. ముందున్న బ్లేడు గుంతలు పూడ్చి చదును చేస్తుంది, వెనక తిరిగే టిల్లర్ గడ్డలను పొడి చేస్తుంది, దాని వెనకున్న దువ్వెన సన్నటి గీతలు వదులుతుంది. ఫొటోల్లో కార్డురాయ్ గుడ్డ చారల్లా కనిపించేవి అవే. ఈ పనికి 1950ల్లో దారి చూపింది వింటర్ పార్క్ నిర్వాహకుడు స్టీవ్ బ్రాడ్లీ. ఆయన చేయించిన రోలరును ఒక మనిషి స్కీల మీద జారుతూ కొండ కిందికి లాక్కొచ్చేవాడు. తలచుకుంటేనే నాకు గుండె దడ.

గీతలు చూసి మురిసిపోకు. పొడి అయిన రేణువులు మళ్లీ ఒకదానికొకటి అతుక్కోవడానికి చలిలో కొన్ని గంటలు పడుతుంది. సాయంత్రమే దువ్విన వాలు తెల్లవారేసరికి బిగిసి, పగలంతా నిలుస్తుంది. తెల్లవారుజామున దువ్వినది మెత్తగా ఉంటుంది కానీ జనం పడేసరికి త్వరగా చెదిరిపోతుంది. ముందురోజు ఎండకు తడిసి రాత్రి గడ్డకట్టినదైతే గీతలు అందంగానే ఉంటాయి, స్కీ అంచు మాత్రం దిగదు.

అందుకని ఉదయం లేవగానే, రాత్రి ఏయే వాలులు దువ్వారో రిసార్టు వాళ్లు పెట్టే పట్టిక చూడు. ఎంత మంచు పడిందన్న అంకె సంగతి ఆ తర్వాత. ముందురోజు మధ్యాహ్నం ఉష్ణోగ్రత సున్నా దాటిందా, రాత్రి ఎంతకు దిగింది, ఈ రెండూ చూస్తే వాలు ఎలా ఉంటుందో సగం తెలిసిపోతుంది. లిఫ్టు తెరిచే వేళకే అక్కడుండు, పాఠం ఉదయానికే పెట్టుకో. మధ్యాహ్నం దాటాక అందరూ గీకి గీకి మెత్తటి పొర పక్కలకు పోయి, నడుమ నిగనిగలాడే గట్టి పొర బయటపడుతుంది. పక్కల మెత్తగా ఉందని అటు పోతే చెట్లు, నీటి గొట్టాలు అడ్డు తగులుతాయి. గన్ తిరుగుతుంటే దాని తుంపరలోంచి పోకు, కళ్లద్దాల మీద మంచు పేరుకుని ఏమీ కనిపించదు. మార్చిలో వెళ్తే మాత్రం తొందరపడకు, రాత్రి బిగిసినది ఎండకు కాస్త మెత్తబడేదాకా కాఫీ తాగుతూ కూర్చో.

అంత దూరం ఎందుకు, మన ఉత్తరాఖండ్‌లో ఔలీ లేదా అన్నాడు మీ నాన్న. ఉంది, 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడా గన్‌లు పెట్టారు. గన్‌లు ఉంటే సరిపోదు, చలి కూడా కలిసిరావాలి.

మీ వాళ్లు అనుకుంటున్న రెండు మూడు రిసార్టుల పేర్లు పంపు. వాటిలో కొత్తవాళ్ల వాలు ఉత్తరం వైపు ఉన్నది ఏదో చూసి చెబుతాను. అక్కడ ఎండ తక్కువ తగులుతుంది.

ఇట్లు,
బాబాయి