టెక్ సందేహాలు: సొంత రాక్షసులు, సొంత మాయా వస్తువులు

ఈసారి వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ భాగం ఒకే ఆట చుట్టూ తిరుగుతున్నాయి. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి టేబుల్‌టాప్ ఆర్పీజీలు (బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్రగా, పాచికలతో ఆడే కథల ఆటలు) ఆడేవాళ్లు పుస్తకంలో ఉన్నవి చాలక సొంతంగా ఆయుధాలు, మంత్రాలు, రాక్షసులు తయారు చేసుకుంటున్నారు. దాన్నే హోమ్‌బ్రూ అంటారు. అసలు ఈ ఆట పుట్టిందే అలా. డేవ్ ఆర్నెసన్ యుద్ధాల ఆట నియమాలను తన బృందం కోసం మార్చుకుంటూ పోయాడు, గ్యారీ గైగాక్స్ ఆయనతో చేయి కలిపాడు, 1974లో ఆట అచ్చయింది. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాయా వస్తువుల కోసం ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే ప్రతిసారీ మండే కత్తి, మంచు గొడ్డలి, నీడల అంగీ తప్ప ఏమీ ఇవ్వడం లేదు. కొత్త ఆలోచనలు ఇచ్చే మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

సాఫ్ట్‌వేర్ మార్చినా ఫలితం పెద్దగా మారదు. మీరు అడిగే పద్ధతి మారాలి. "ఒక మాయా వస్తువు చెప్పు" అంటే ఎక్కువ మంది రాసినదే అది తిరిగి చెబుతుంది. ఆలోచన మీ దగ్గరే పుట్టాలి, అదీ ఆట నియమాల్లోంచి పుట్టాలి. వస్తువు ఏం ఇస్తుందో రాసే ముందు, దాన్ని వాడినవాడు ఏం పోగొట్టుకుంటాడో రాయండి. ఆటలో ఖర్చు పెట్టగలిగినవి చాలా ఉన్నాయి: హిట్ డైస్ (విశ్రాంతిలో గాయాలు మాన్పుకోవడానికి వేసే పాచికలు), మంత్రాల స్లాట్లు (ఎన్ని మంత్రాలు వేయగలరో చెప్పే లెక్క), కాన్సన్‌ట్రేషన్ (మంత్రాన్ని నిలిపి ఉంచే ఏకాగ్రత), అలసట స్థాయిలు, మాయా వస్తువులతో బంధం కుదుర్చుకోవడానికి ఒక్కొక్కరికి మూడే ఉండే అట్యూన్‌మెంట్ చోట్లు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పాత ఇత్తడి లాంతరు. దాన్ని వెలిగించాలంటే ఒక హిట్ డై ఖర్చవుతుంది. వెలిగిన నిమిషం పాటు, ఆ గదిలో నిన్న రాత్రి ఇదే సమయానికి ఏం జరిగిందో ఆ వెలుతురులో నీడల్లా కనబడుతుంది. అంతే. దాంతో ఎవరికీ దెబ్బ తగలదు, పాచికకు కలిపే ప్లస్ వన్ కూడా ఏమీ లేదు. కానీ హత్య జరిగిన గదిలోకి ఈ లాంతరుతో అడుగుపెట్టిన బృందం ఏం చేస్తుందో ఊహించండి. నిన్న రాత్రి చూడాలంటే, తర్వాత షార్ట్ రెస్ట్‌లో (చిన్న విశ్రాంతిలో) గాయాలు మాన్పుకునే అవకాశం ఒకటి తగ్గుతుంది. హంతకుడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడేమో! ఆ గుంజాటనే ఈ వస్తువుకు అసలు విలువ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2014 నియమాల్లో లాంగ్ రెస్ట్ (రాత్రి విశ్రాంతి) తీసుకుంటే మొత్తం హిట్ డైస్‌లో సగమే తిరిగొస్తాయి. 2024 నియమాల్లో అన్నీ తిరిగొస్తాయి. అంటే ఇదే లాంతరు కొత్త నియమాల్లో చాలా చవక. కొత్త పుస్తకంతో ఆడేవాళ్లు ఖర్చును రెండు హిట్ డైస్ చేస్తే సరిపోతుంది. ఇలాంటి తేడాలను ఏఐ తరచూ కలిపేస్తుంది. రెండు పుస్తకాల నియమాలు ఒకే పేరాలో దొర్లడం నేను చాలాసార్లు చూశాను, కాబట్టి అది చెప్పిన నియమాన్ని పుస్తకంలో చూడకుండా నమ్మకండి.

ఏఐ నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. వస్తువు మీరే రాసి, దాని మొత్తం వివరణ ఇచ్చి, "తెలివైన ఆటగాడు దీన్ని ఎన్ని రకాలుగా దుర్వినియోగం చేయగలడు?" అని అడగండి. లాంతరు గురించి అడిగితే, తాళం సంకేతం నొక్కే గదిలో వెలిగిస్తే సంకేతం తెలిసిపోతుందనే మాట రావచ్చు. అది లోపం కాదు, మంచి వాడకమే. కానీ ఆ సంగతి మీకు సెషన్‌కు ముందే తెలిసి ఉండాలి.

ప్రశ్న: గూగుల్ షీట్స్‌లో అడవి ప్రయాణానికి ఎన్‌కౌంటర్ టేబుల్ (దారిలో ఏం ఎదురవుతుందో పాచికతో తేల్చే పట్టిక) చేశాను. 2 నుంచి 12 వరకు వరుసలు, 12 మీద డ్రాగన్. ర్యాండ్‌బిట్వీన్(2,12) అని ఫార్ములా పెట్టాను. రెండు సమస్యలు: ఏ సెల్ ముట్టుకున్నా ఫలితం మారిపోతోంది, డ్రాగన్ మరీ తరచుగా వస్తోంది. షీట్స్‌లో ఏమైనా బగ్ ఉందా?

బగ్ కాదు. మొదటిది తేలిక. షీట్‌లో ఏ మార్పు జరిగినా ఆ ఫార్ములా మళ్లీ పాచిక వేస్తుంది, దాన్ని పూర్తిగా ఆపే సెట్టింగ్ లేదు. ఫలితం వచ్చిన సెల్‌ను కాపీ చేసి, పక్క సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కి పేస్ట్ చేయండి. ఫార్ములా పోయి విలువ మాత్రమే నిలుస్తుంది.

రెండోదే అసలు సంగతి. మీ టేబుల్ 2 నుంచి 12 వరకు ఉందంటే మీ మనసులో ఉన్నది రెండు ఆరు ముఖాల పాచికలు, అంటే 2డి6. రెండు పాచికల మొత్తం 12 రావాలంటే రెండూ ఆరే పడాలి. 36 రకాల్లో అది ఒక్కటే, అంటే 2.8 శాతం. 7 రావడానికి ఆరు దారులున్నాయి, అంటే 16.7 శాతం. మీ ఫార్ములా మాత్రం పాచికలు వేయడం లేదు. పదకొండు చీట్లు టోపీలో వేసి ఒకటి తీస్తోంది. ప్రతి చీటీకీ 9.1 శాతం. మీ డ్రాగన్ రావాల్సినదానికంటే మూడింతలకు పైగా వస్తోంది! రోజుకు ఒకసారి పాచిక వేసే ప్రయాణంలో సగటున 36 రోజులకు ఒకసారి ఎదురుపడాల్సింది 11 రోజులకే ఎదురవుతోంది.

ఫార్ములాను ర్యాండ్‌బిట్వీన్(1,6)+ర్యాండ్‌బిట్వీన్(1,6) అని మార్చండి. అంతటితో ఆగకుండా టేబుల్‌ను కూడా ఈ ఆకారానికి తగ్గట్టు రాయండి. మధ్యలో 6, 7, 8 ఉన్న చోట ఆ అడవి రోజువారీ బతుకు ఉండాలి: కట్టెలు కొట్టేవాళ్లు, తడి నేలలో తోడేళ్ల అడుగుజాడలు, ఎవరో ఆర్పి వెళ్లిన నెగడు. అంచుల్లో 2, 12 దగ్గర ఆటగాళ్లు నెలల తర్వాత కూడా చెప్పుకునే సంఘటన పెట్టండి. 12 మీద డ్రాగన్ ఉంటే, 11 మీద కాలిపోయిన చెట్ల వరుస పెట్టండి. 11 రావడానికి రెండు దారులు కాబట్టి, డ్రాగన్ కనబడే ముందే దాని జాడ కనబడే అవకాశం ఎక్కువ. నాకు ఈ చిన్న లెక్క ఎంత ఇష్టమో చెప్పలేను, పాచికలే కథ చెబుతున్నట్టు ఉంటుంది.

ప్రశ్న: మూడో లెవెల్ బృందం కోసం ఒక చిత్తడి రాక్షసిని రాశాను. రౌండ్‌కు రెండు దెబ్బలు, ఒక్కోటి 2డి10+4 (రెండు పది ముఖాల పాచికల మొత్తానికి 4 కలిపి), దాడి పాచికకు ప్లస్ 7. మొదటి రౌండ్‌లోనే మా విజర్డ్ (మంత్రగాడు) పడిపోయాడు. లెక్క ముందే సరిచూసుకునే టూల్ ఉందా?

ఉంది, ఉచితం కూడా. ఎనీడైస్ అనే వెబ్‌సైట్. "అవుట్‌పుట్ 2డి10+4" అని ఇంగ్లీష్‌లో టైప్ చేస్తే ఏ అంకె ఎంత శాతం వస్తుందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ముందు మీ రాక్షసి లెక్క చేతితో ఒకసారి చూద్దాం, ఎందుకంటే సగటు మిమ్మల్ని ఎక్కడ మోసం చేసిందో తెలియాలి.

కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) ప్లస్ 2 ఉన్న మూడో లెవెల్ విజర్డ్‌కు 20 హిట్ పాయింట్లు, అవి అయిపోతే పడిపోతాడు. మేజ్ ఆర్మర్ అనే రక్షణ మంత్రం వేసుకుని డెక్స్‌టెరిటీ (చురుకుదనం) ప్లస్ 2 ఉంటే ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలడానికి దాడి అందుకోవాల్సిన అంకె, 15. ప్లస్ 7 ఉన్న మీ రాక్షసికి డి20 (ఇరవై ముఖాల పాచిక) మీద 8 పడితే చాలు, అంటే 65 శాతం. ఒక్క దెబ్బ సగటు 15. 15 అంటే విజర్డ్ బతుకుతాడు కదా అనుకుని ఉంటారు. కానీ రెండు దెబ్బలూ తగిలే అవకాశం 42 శాతం, రెండూ తగిలితే 20 దాటడం దాదాపు ఖాయం. మొదటి రౌండ్‌లో అది విజర్డ్ వైపు తిరిగితే, ఐదుసార్లలో కనీసం రెండుసార్లు అతను తన వంతు రాకముందే నేల మీద ఉంటాడు. ఆ ఆటగాడు అరగంట ఏమీ చేయకుండా కూర్చోవాలి. నాకు బాధ కలిగించేది అదే.

దెబ్బ తగ్గిస్తే రాక్షసి చప్పబడుతుంది. రెండో దెబ్బ తీసేసి, దాని చోట ఒక పని ఇవ్వండి: మొదటి దెబ్బ తగిలినవాణ్ని పట్టుకుని పది అడుగులు నీళ్లలోకి లాగుతుంది. ఇప్పుడు విజర్డ్‌కు 15 పోయాయి, ఇంకా స్పృహలోనే ఉన్నాడు, ఊపిరి బిగబట్టాడు, మిగతావాళ్లు ఒడ్డున ఉన్నారు. ప్రమాదం తగ్గలేదు, కానీ బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరికీ చేయడానికి పని దొరికింది.

మరో రెండు మాటలు. ఆట నడిపేవాళ్ల పుస్తకం 2014 డన్జన్ మాస్టర్ గైడ్ రాక్షసి దాడి బలాన్ని మొదటి మూడు రౌండ్ల దెబ్బల సగటుతో కొలుస్తుంది. ఒకేసారి చాలామందిని తాకే దాడి అయితే ఇద్దరికి తగిలినట్టు లెక్కేయమంటుంది. అలాగే "రీఛార్జ్ 5–6" అని రాసిన దాడి, ఒకసారి వాడాక, ప్రతి వంతులో ఆరు ముఖాల పాచిక మీద 5 లేదా 6 పడితేనే, అంటే మూడింట ఒక వంతు అవకాశంతో తిరిగొస్తుంది. ఒకసారి వాడాక వచ్చే రెండు వంతుల్లోనూ రాకపోయే అవకాశం 44 శాతం. మీ రాక్షసి గొప్పతనమంతా ఆ ఒక్క దాడిలోనే ఉంటే, మూడు రౌండ్లు సాగే పోరాటాల్లో దాదాపు సగంలో ఆటగాళ్లు దాన్ని ఒక్కసారే చూస్తారు.

ప్రశ్న: హోమ్‌బ్రూవరీలో (సొంత రాతలను ఆట పుస్తకం పేజీలా మార్చే వెబ్‌సైట్‌లో) రాసిన పేజీ స్క్రీన్ మీద పాత పుస్తకంలా బాగుంది. పీడీఎఫ్ చేస్తే తెల్ల కాగితం మీద వస్తోంది, కింద కొన్ని లైన్లు మాయమవుతున్నాయి. తెలుగు ఒత్తులు కూడా పై లైన్‌కు తగులుతున్నాయి.

క్రోమ్‌లో ప్రింట్ నొక్కి, మోర్ సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ టిక్ చేయండి, మార్జిన్స్ నన్ పెట్టండి. లైన్లు మాయమవడానికి కారణం వేరు. ఈ టూల్ వర్డ్‌లా తనంతట తాను తర్వాతి పేజీకి వెళ్లదు. పేజీ నిండిందనిపించిన చోట కొత్త లైన్‌లో బ్యాక్‌స్లాష్ పెట్టి ఇంగ్లీష్‌లో పేజ్ అని మీరే రాయాలి. ఒత్తుల కోసం స్టైల్ ట్యాబ్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ పెట్టి లైన్ హైట్ కొంచెం పెంచండి. దానికున్న ఫాంట్లు ఇంగ్లీష్ అక్షరాలకు కుదిరినవి, మన గుడులకూ ఒత్తులకూ అంత చోటు చాలదు.

ప్రశ్న: ఆట అధికారిక వెబ్‌సైట్ డీఅండ్‌డీ బియాండ్‌లో నా సొంత క్లాస్ (విజర్డ్ లాంటి పాత్ర వృత్తి) తయారు చేసే బటన్ కనబడటం లేదు.

లేదు కాబట్టే కనబడలేదు. అక్కడ సబ్‌క్లాసులు (క్లాస్‌లో శాఖలు), మంత్రాలు, మాయా వస్తువులు, రాక్షసులు, ఫీట్లు (పాత్రకు అదనపు నైపుణ్యాలు) చేయవచ్చు కానీ పూర్తి క్లాస్ కుదరదు. మీ ఆలోచనకు దగ్గరగా ఉన్న క్లాస్‌ను తీసుకుని దానికింద సబ్‌క్లాస్‌గా రాయండి. చాలా ఆలోచనలు సబ్‌క్లాస్‌లో చక్కగా ఇముడుతాయి. ఒకటి గుర్తుంచుకోండి: అందరికీ కనబడేలా పబ్లిష్ చేశాక దాన్ని దిద్దలేరు, కొత్త వెర్షన్ చేయాల్సిందే. నాలుగైదు సెషన్లు ఆడేవరకు ప్రైవేట్‌గానే ఉంచండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఈ ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్ ఫౌండ్రీ వీటీటీ కొత్త వెర్షన్‌కు మారాలని ఉంది. రెండేళ్లుగా చేసుకున్న 80 వస్తువులు పోతాయేమోనని టెన్షన్.

ఆ టెన్షన్ ఉండటం మంచిదే. మొదట ఫౌండ్రీని పూర్తిగా ఆపేయండి. నడుస్తుండగా కాపీ చేస్తే డేటాబేస్ ఫైళ్లు సగంలో తెగిపోవచ్చు. ఆపాక యూజర్ డేటా ఫోల్డర్ మొత్తాన్ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తర్వాత మీరు వాడే మాడ్యూల్స్ (అదనంగా చేర్చుకున్న ప్రోగ్రాములు) ఒక్కొక్కటీ కొత్త వెర్షన్‌కు సిద్ధంగా ఉన్నాయో లేదో చూడండి. ఒక్క ముఖ్యమైనది సిద్ధంగా లేకపోయినా ఆగండి, కాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ) మధ్యలో మారాల్సిన తొందరేమీ లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ 80 వస్తువుల వివరణలను మామూలు టెక్స్ట్ ఫైల్‌గా కూడా ఉంచుకోండి. నా ల్యాప్‌టాప్ డిస్క్ పోయినప్పుడు ఒక దీవి మొత్తం, దాని మ్యాపులతో సహా, పోయింది. మిగిలింది ఫోన్‌లో రాసుకున్న నోట్స్ మాత్రమే. ఆ నోట్స్‌తోనే దీవిని మళ్లీ కట్టాను.

ప్రశ్న: నా రాక్షసులన్నిటినీ చిన్న పీడీఎఫ్ పుస్తకంగా అమ్మవచ్చా? లైసెన్స్ సమస్య వస్తుందా?

అమ్మవచ్చు. ఐదో ఎడిషన్ ప్రాథమిక నియమాల పత్రం ఎస్సార్డీ 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 కింద విడుదల చేశారు. 2024 నియమాలకు సరిపోయే 5.2ను 2025 ఏప్రిల్‌లో అదే లైసెన్స్ కింద ఇచ్చారు. అందులోని నియమాలను, మంత్రాలను, స్టాట్ బ్లాకులను (రాక్షసుల అంకెల పట్టికలను) వాడుకుని డబ్బు కూడా సంపాదించవచ్చు. బదులుగా ఎక్కడినుంచి తీసుకున్నారో పేర్కొనాలి. ఏ వాక్యం రాయాలో ఎస్సార్డీ మొదట్లోనే ఇచ్చారు, దాన్ని మక్కీకి మక్కీ మీ పీడీఎఫ్‌లో పెట్టండి.

బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ అనే పేరున్న రాక్షసుల స్టాట్ బ్లాకులు ఎస్సార్డీలో లేవు. వాటిని మార్చి రాసినవి మీ పుస్తకంలో ఉంటే తీసేయండి. ఆటను ప్రచురించే కంపెనీ సొంత లోకమైన ఫర్గాటెన్ రెల్మ్స్‌లో కథ నడపాలనుకుంటే డీఎంస్ గిల్డ్ అనే మార్కెట్ ఉంది. అమ్మకంలో సగం మీకొస్తుంది, కానీ అక్కడ పెట్టినదాన్ని ఇంకెక్కడా అమ్మడానికి వీల్లేదు. మీ రాక్షసులు మీ సొంత చిత్తడి నేలల్లోనే పుట్టి ఉంటే నేను మొదటి దారినే ఎంచుకోమంటాను. బొమ్మల విషయంలో మాత్రం వేరుగా అనుమతి చూసుకోండి, ఎస్సార్డీ లైసెన్స్ నెట్‌లో దొరికే చిత్రాలకు వర్తించదు.