దుబాయ్ బిజినెస్ కౌన్సిల్ సభ్యత్వం: ఆర్డర్ల కోసమైతే కట్టకండి

మీరు అడిగింది ఇది: "మాది దుగ్గిరాలలో పసుపు వ్యాపారం. నాన్నగారు యార్డు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. నేను దుబాయ్‌కి ఎగుమతి చేద్దామనుకుంటున్నాను. ఇండియా, యూఏఈ మధ్య వ్యాపారం పెంచే ఒక బిజినెస్ కౌన్సిల్ వాళ్ళు సభ్యత్వం తీసుకోమంటున్నారు. కడితే ఆర్డర్లు వస్తాయా?"

ఆర్డర్లు రావు. కనీసం నాకు రాలేదు. అయినా నేను మూడేళ్ళుగా సభ్యత్వం రెన్యూ చేస్తూనే ఉన్నాను. ఈ రెండు ముక్కలూ ఎలా కుదురుతాయో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మాది గుంటూరు. నేనూ మా బావమరిదీ కలిసి మిర్చి వ్యాపారం చేస్తాం. పదేళ్ళ పాటు యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) కొని, తొడిమలు తీయించి, పెద్ద ఎగుమతిదార్లకు ఇచ్చేవాళ్ళం. సరుకు మాది, కూలీలు మా వాళ్ళు, కోల్డ్ స్టోరేజీ అద్దె మాది, బిల్లు మీద పేరు మాత్రం వాళ్ళది. 2022 మే 1 నుంచి యూఏఈతో సెపా (సమగ్ర ఆర్థిక భాగస్వామ్య) ఒప్పందం అమల్లోకి వచ్చిందనీ, సుంకాలు తగ్గాయనీ పేపర్లలో చదివి "మనమే పంపితే పోలా?" అనుకున్నాం. ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్ నంబరు) తీసుకున్నాం, స్పైసెస్ బోర్డులో ఎగుమతిదారుగా రిజిస్టర్ అయ్యాం. సరిగ్గా అప్పుడే, ఇప్పుడు మీకు వచ్చినట్టే మాకూ ఒక కౌన్సిల్ నుంచి ఫోన్ వచ్చింది. పేరు చెప్పను, అవసరం కూడా లేదు.

సభ్యత్వం పాతిక వేలు. ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లోని గల్ఫుడ్ ఆహార ఎగ్జిబిషన్‌కి ప్రతినిధి బృందంతో వెళ్ళడానికి ఇద్దరికీ కలిపి దాదాపు మూడు లక్షలు. మూడో రోజు ఒక హోటల్లో కొనుగోలుదార్లతో ముఖాముఖి పెట్టారు. ఒక్కొక్కరితో 15 నిమిషాలు, గంట కొట్టగానే లేచి పక్క టేబుల్‌కి పోవాలి. మా ఎదురుగా కూర్చున్న మొదటి ఆయనది టైల్స్ వ్యాపారం. రెండో ఆయన మాకే ఖర్జూరం అమ్మాలని చూశాడు. మూడో ఆయన నిజంగానే మసాలా దినుసులు కొంటాడు, కానీ 90 రోజుల అప్పు అడిగాడు. ఇంటికొచ్చేసరికి జేబులో 40 విజిటింగ్ కార్డులు. అందరికీ మెయిల్ పెడితే ముగ్గురు జవాబిచ్చారు. ఆ ముగ్గురిలో ఇద్దరు మళ్ళీ సప్లయర్లే!

మొదటి ఆర్డర్ ఎలా వచ్చిందో చెబితే నవ్వుతారు. మా ఊరి కుర్రాడొకడు దుబాయ్‌లోని దెయిరాలో ఒక మలయాళీ వ్యాపారి దగ్గర అకౌంట్స్ రాస్తాడు. అల్ రాస్ అని పాత హోల్‌సేల్ బజారుంది, మసాలాలూ పప్పులూ అన్నీ అక్కడే. వాడు వాళ్ళ సేఠ్‌కి మా శాంపిల్ చూపించాడు. మనం 334 అనే కాయను ఎగుమతి భాషలో ఎస్4 సన్నం అంటారు. ఆయనకు కాయ రంగు నచ్చింది. ముందు సగం కంటైనర్, మూడు నెలలకు ఫుల్ కంటైనర్. మధ్యలో కౌన్సిల్ లేదు, గంట కొట్టే టేబుళ్ళూ లేవు.

మరి కౌన్సిల్ ఎందుకు? నాకు సంగతి తెలిసొచ్చింది రెండో షిప్‌మెంట్‌లో.

ఆ కంటైనర్లో కాయలతో పాటు కొంత కారం కూడా పంపాం. కాయలకు హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్ళు సరుకును గుర్తించే నంబరు) 0904 21, పొడికి 0904 22. మా క్లియరింగ్ ఏజెంట్ హడావుడిలో, సరుకు ఇండియాదేనని చూపించి సెపా రాయితీ తెచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌లో రెండింటికీ ఒకే కోడ్ కొట్టించాడు. ఇన్‌వాయిస్‌లో మాత్రం రెండు కోడ్లూ సరిగ్గానే ఉన్నాయి. సరుకు దుబాయ్ పోర్టు జెబెల్ అలీ చేరాక కారం వరకు రాయితీ కుదరదన్నారు. అక్కడ మామూలుగా పడే సుంకం 5 శాతమే, పెద్దదేం కాదు. కానీ మన వ్యాపారంలో కారం మీద మిగిలేదే అంత. సేఠ్ ఆ సుంకం కట్టేసి మా బిల్లులో కోసేశాడు. పైగా "పేపర్లు సరిగ్గా చేయడం రాని వాళ్ళతో ఎలా?" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

క్లియరింగ్ ఏజెంట్ ఫోన్ ఎత్తలేదు. ఏం చేయాలో తోచక కౌన్సిల్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను, పెద్దగా ఆశ లేకుండానే. మర్నాడు ఉదయం ఒకావిడ ఫోన్ చేశారు. అంతకు ముందు ఏదో ఎగుమతి సంస్థలో పనిచేసి వచ్చారట. సర్టిఫికెట్, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మూడూ తెప్పించుకుని, 20 నిమిషాల్లో తప్పు ఎక్కడుందో చెప్పారు. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం డీజీఎఫ్‌టీ ఆన్‌లైన్ ప్లాట్‌ఫాంలో సరిదిద్దిన సర్టిఫికెట్‌కి ఎలా దరఖాస్తు పెట్టాలో, అక్కడ సేఠ్ కస్టమ్స్ ఏజెంట్ ఏ కాగితంతో రీఫండ్ అడగాలో వివరంగా రాసి పంపారు. డబ్బు వెనక్కి రావడానికి నాలుగు నెలలు పట్టింది గానీ, సేఠ్ మాతో వ్యాపారం మానలేదు. నేను కట్టిన పాతిక వేలకు అసలు సరుకు ఆ 20 నిమిషాలే అనిపించింది.

అప్పుడే అడిగి తెలుసుకున్నాను, అసలు ఈ కౌన్సిళ్ళు ఏం చేస్తాయని. బయటి నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఒకటి కాదు. కొన్ని ప్రభుత్వాలతో మాట్లాడడానికే పుట్టినవి. 1975లో మొదలైన యూఎస్-ఇండియా బిజినెస్ కౌన్సిల్ అలాంటిది. పెద్ద కంపెనీల తరఫున సుంకాలు, పెట్టుబడుల నిబంధనల మీద మాట్లాడడమే దాని ముఖ్యమైన పని. 2015లో వచ్చిన యూఏఈ-ఇండియా బిజినెస్ కౌన్సిల్లో కూడా డీపీ వరల్డ్, ముబాదలా, టాటాల స్థాయి వాళ్ళుంటారు. అక్కడికి పోయి "అయ్యా, పది టన్నుల పసుపు ఉంది" అంటే బాగుండదు. సెపా వచ్చాక 2024లో యూఏఈ-ఇండియా సెపా కౌన్సిల్ అని ఇంకొకటి పెట్టారు. చిన్న, మధ్యతరహా కంపెనీలను, స్టార్టప్‌లను ఆ ఒప్పందం వాడుకునేలా చేయడం దాని ఉద్దేశం. ఇవి కాక దుబాయ్‌లో అక్కడి మనవాళ్ళ వ్యాపార సంఘం ఇండియన్ బిజినెస్ అండ్ ప్రొఫెషనల్ కౌన్సిల్ ఉంది. ఇక నాలుగో రకం, పేరులో రెండు దేశాలు పెట్టుకుని, జెండాలు రెండూ క్రాస్‌గా ఉన్న బ్యాడ్జీ కొట్టించి, ఏడాదికి రెండు అవార్డు ఫంక్షన్లు చేసేవాళ్ళు. మీకు ఫోన్ చేసింది ఏ రకమో ముందు తేల్చుకోండి.

మాకు పనికొచ్చిన రెండో సంగతి, మనిషి అసలువాడా కాడా అని చూడడం. పోయిన ఏడాది ఒక మెయిల్ వచ్చింది. షార్జా కంపెనీ, నెలకు రెండు కంటైనర్లు, ధర మీద బేరం కూడా లేదు. మా బావమరిది ఎగిరి గంతేశాడు. నాకేమో ఆ బేరం లేకపోవడమే నచ్చలేదు. గుంటూరు యార్డులో పుట్టి పెరిగినవాడికి బేరమాడని కొనుగోలుదారు అంటే భయం. తర్వాత "మీ సరుకుకి మున్సిపాలిటీ అప్రూవల్ ఫీజు" అని 1,800 డాలర్లు అడిగారు. కౌన్సిల్‌కి పంపితే ఆ ట్రేడ్ లైసెన్స్ నంబరు చూసి, అది క్లీనింగ్ సర్వీసుల లైసెన్స్ అని చెప్పారు. అక్కడ లైసెన్స్ మీద ఏ వ్యాపారం చేయొచ్చో రాసి ఉంటుంది. ఆహార పదార్థాల వ్యాపారం అని లేనివాడు మన పసుపు కొంటానంటే ఆలోచించాల్సిందే. ఇది మీరూ ఆన్‌లైన్లో చూసుకోవచ్చు, కానీ మొదటిసారి ఎక్కడ చూడాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

వాళ్ళు పెట్టే వర్క్‌షాపుల్లో సగం నిద్రొచ్చేవే. ఒక్కటి మాత్రం బాగా గుర్తుంది, లేబుళ్ళ మీద పెట్టింది. యూఏఈలో ప్యాకెట్ చేసిన ఆహారం అమ్మాలంటే లేబుల్ మీద అరబిక్ ఉండాలి, తయారీ తేదీ, గడువు తేదీ స్పష్టంగా ఉండాలి. మేం అప్పటికి ఇంగ్లిష్, తెలుగు లేబుళ్ళు పదివేలు అచ్చేయించి కూర్చున్నాం. అరబిక్ స్టిక్కర్ విడిగా అతికించినా సరిపోతుందని అక్కడే తెలిసింది, లేకపోతే ఆ పదివేలూ చిత్తుకాగితాల కింద పోయేవి. రూపాయి-దిర్హంలలో నేరుగా చెల్లింపులకు రెండు దేశాల సెంట్రల్ బ్యాంకులు 2023 జూలైలో ఒప్పందం చేసుకున్నాయని కూడా అలాంటి మీటింగులోనే విన్నాను. మా బ్యాంక్ మేనేజర్‌ని అడిగితే "అదేంటి సార్?" అన్నారు. మేమింకా డాలర్లలోనే చేస్తున్నాం.

ప్రభుత్వానికి మన గోడు చేరవేస్తామంటారు కదా, దాని గురించి కూడా చెప్పాలి. ప్రతి పెద్ద సమావేశానికి ముందు ఒక ఫారం పంపి సమస్యలు రాయమంటారు. మిర్చికి ఇక్కడ అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం), సూడాన్ రంగు (కల్తీ రంగు) పరీక్షలు చేయించి పంపినా అక్కడ మళ్ళీ శాంపిల్ తీసి కంటైనర్ ఆపుతున్నారని, ఆ రోజులకు పోర్టు అద్దె మా నెత్తిన పడుతోందని రాశాను. జవాబు లేదు. ఏడెనిమిది నెలల తర్వాత ఒక మీటింగులో స్లైడ్ మీద నా వాక్యమే, కాస్త నునుపు చేసి, నాలుగో పాయింట్‌గా కనిపించింది. అది ఆ తర్వాత ఎక్కడికెళ్ళిందో నాకు తెలీదు. శాంపిళ్ళు ఇప్పటికీ తీస్తున్నారు. కానీ నేనొక్కణ్ణే రాస్తే ఆ స్లైడ్ మీదికి కూడా వచ్చేది కాదు. ఇండియా, యూఏఈ వ్యాపారం 2024-25లో 10,000 కోట్ల డాలర్లు దాటిందని గొప్పగా చెబుతారు. అందులో చమురు, బంగారం, వజ్రాలు పోగా మన మిర్చి, పసుపు ఎంతని? మన వంతు మాట మనం పదిమందిమి కలిసి చెప్పకపోతే ఆ లెక్కలో కనపడం.

ఇక మీ పసుపు సంగతి. మీకో సౌకర్యం ఉంది. పసుపు కొమ్మైనా పొడైనా ఆరంకెల కోడ్ ఒకటే, 0910 30. మా కారంలా చిక్కు పడదు. కానీ ఇంకో చిక్కుంది. కర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) ఎక్కువ ఉండాలని కొందరు వియత్నాం నుంచి వచ్చిన పసుపు కలుపుతారు. అలా కలిపితే అది పూర్తిగా ఇండియాలో పండిన సరుకని సర్టిఫికెట్ తీసుకోకూడదు, సెపా రాయితీ లెక్కే మారిపోతుంది. మీరు దుగ్గిరాల యార్డులో కొన్న సరుకే పంపితే ఈ గొడవ లేదు, ఏ రైతు దగ్గర కొన్నారో రసీదులు మాత్రం పదిలంగా పెట్టుకోండి. కాయ (గుండ్రటి దుంప), కొమ్ము వేరు చేసి, ఒక్కో లాట్‌కి కర్కుమిన్ శాతం, సీసం పరీక్ష రిపోర్టులు ముందే చేతిలో ఉంచుకోండి. కొనేవాడు మొదట అడిగేది అదే. పాలిష్‌లో రంగు వేసే అలవాటు ఎవరికైనా ఉంటే ఆ సరుకు జోలికే పోవద్దు. నిజామాబాద్‌లో ఇప్పుడు జాతీయ పసుపు బోర్డు ఉంది, స్పైసెస్ బోర్డుతో పాటు వాళ్ళనీ ఒకసారి అడిగి చూడండి. అడగడానికి సభ్యత్వ ఫీజు ఉండదు.

డబ్బు విషయం నాన్నగారితో కూర్చుని మాట్లాడుకోండి. మొదటి మూడు లోడ్లకు అప్పు ఇవ్వకండి, ఎంత తీయగా మాట్లాడినా. కొంత అడ్వాన్స్, మిగతాది కాగితాలు బ్యాంకు ద్వారా చేరి డబ్బు కట్టాకే సరుకు విడిపించుకునే పద్ధతి. ఆ తర్వాత అప్పు ఇవ్వక తప్పదు, అప్పుడు ఈసీజీసీ బీమా (కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఎగుమతి బీమా) తీసుకోండి. పోస్ట్ డేటెడ్ చెక్కు ఇస్తానంటారు, అక్కడది మామూలే. ఆ చెక్కు పట్టుకుని గుంటూరులో మనం చేసేదేం లేదు.

ఫీజు కట్టే ముందు ఆ కౌన్సిల్‌కి ఒక మెయిల్ పెట్టండి. మూడే ప్రశ్నలు అడగండి. మీ సభ్యుల్లో గత ఏడాది పసుపు దిగుమతి చేసుకున్నవాళ్ళు ఎంతమంది, సర్టిఫికెట్లో సమస్య వస్తే నేను ఎవరికి ఫోన్ చేయాలి, కొనుగోలుదారు లైసెన్స్ చూసి చెబుతారా. మా కౌన్సిల్లో ఆవిడలా ఒక మనిషి పేరు, నంబరు పెట్టి జవాబిస్తే కట్టేయండి. జవాబుగా మంత్రులతో దిగిన ఫోటోలున్న బ్రోచర్ వస్తే, ఆ డబ్బుతో ఇంకో రెండు లాట్లకు ల్యాబ్ టెస్టులు చేయించి, శాంపిళ్ళు తీసుకుని అల్ రాస్‌లో ఒక వారం తిరిగి రండి. మా సేఠ్ పసుపు కూడా కొంటాడు, కానీ ముందే చెబుతున్నా, బేరం గట్టిగా ఆడతాడు.