కొలరాడో ఆఫెన్సివ్ లైన్: మొదటి తప్పు ఐదుగురిదీ కాదు, క్వార్టర్‌బ్యాక్‌దీ కాదు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొలరాడో యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) షెడ్యూర్ సాండర్స్ అక్కడ ఆడిన రెండేళ్ళూ (2023, 2024) అన్ని శాక్‌లు తిన్నాడు కదా, అంటే బంతి విసరకముందే అవతలివాళ్ళు పడేశారు కదా, తప్పు అతన్ని కాపాడే ఐదుగురి ఆఫెన్సివ్ లైన్‌దా, బంతి త్వరగా వదలని అతనిదా అని ఒకరు అడిగారు. నన్నడిగితే ముందు అనాల్సింది వీళ్ళెవరినీ కాదు. ఆ ఐదుగురూ ఒకరికొకరు అలవాటు పడకముందే మైదానంలోకి దింపిన పద్ధతిని అనాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మావాడు ఇక్కడ డెన్వర్ దగ్గర హైస్కూల్ జట్టులో రైట్ గార్డ్. లైన్ మధ్యలో ఉండే సెంటర్‌కి కుడిపక్కన నిలబడతాడు. వాడు ఆడటం మొదలుపెట్టేదాకా నేనూ అందరిలాగే బంతి ఎటుపోతే అటే చూసేవాణ్ణి.

పోయినేడాది ఒక గురువారం సాయంత్రం మ్యాచ్. అంతకు రెండు రోజుల ముందు ప్రాక్టీసులో రైట్ టాకిల్ (గార్డ్‌కి బయటి పక్కన, లైన్ చివర నిలబడేవాడు) కుర్రాడికి మడమ బెణికింది. వాడి బదులు డిఫెన్స్ నుంచి ఇంకొకణ్ణి తెచ్చి మావాడి పక్కన పెట్టారు. పాతవాడి కంటే పొడుగు, బలం కూడా ఎక్కువే. రెండు క్వార్టర్లు బాగానే గడిచాయి. మూడో క్వార్టర్లో అవతలివాళ్ళు స్టంట్ వేశారు, అంటే ఇద్దరు తమ దారులు మార్చుకుని దూసుకొచ్చారు. మావాడి ఎదురుగా ఉన్న భారీ కుర్రాడు ఒక్కసారిగా బయటికి, టాకిల్ వైపు దూసుకెళ్ళాడు. అంచున ఉన్న సన్నటివాడు వాడి వెనకనుంచి తిరిగి లోపలికి వచ్చాడు. అలాంటప్పుడు గార్డ్ తన మనిషిని టాకిల్‌కి అప్పజెప్పి, లోపలికి వచ్చేవాణ్ణి అందుకోవాలి. పాత టాకిల్ అయితే భుజం తగలగానే గ్రహించేవాడు, ఏడాదిన్నరగా ఇద్దరూ చేసిన పని అదే. కొత్తవాడు తన మనిషి వెంటబడి లోపలికి వచ్చేశాడు. మావాడు, వాడు ఒకరినొకరు గుద్దుకున్నారు. ఆ భారీ కుర్రాడు అడ్డం లేకుండా వెళ్ళి మా క్వార్టర్‌బ్యాక్‌ని పక్కటెముకల మీద కొట్టాడు. బంతి ఎగిరి అవతల పడింది. కుర్రాడు కాసేపు లేవలేదు.

నా వెనక బెంచీలో ఒకాయన లేచి, "అరవై నాలుగూ, ఆడటం రాకపోతే ఇంట్లో కూర్చో!" అని అరిచాడు. అరవై నాలుగు మావాడి నంబరు. నేను లేవకుండా మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

రాత్రి ఇంటికొచ్చాక వాడు అన్నం తినకుండా నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. చెత్త డబ్బాలు రెండు ఎదురుగా పెట్టాడు. "నాన్నా, నువ్వు టాకిల్ అనుకో" అని నా ఎడమ మోచేతికి వాడి కుడి భుజం ఆనించాడు. "నేను నీ వైపు వస్తున్నట్టు ఇక్కడ తెలియాలి. కళ్ళతో చూస్తే అప్పటికే ఆలస్యం. ఇది రావాలంటే వందలసార్లు చెయ్యాలి. వాడికి రెండు రోజులే దొరికాయి." ఆ కొత్త కుర్రాడి మీద ఒక్క మాట పడనివ్వలేదు.

ఇప్పుడు కొలరాడో సంగతి. 2022లో 11 ఓడి ఒక్కటి గెలిచిన జట్టు. షెడ్యూర్ తండ్రి డియాన్ సాండర్స్ కోచ్‌గా వచ్చి 2023కి 80 మందికి పైగా కొత్తవాళ్ళను దించాడు. రిసీవర్లు (విసిరిన బంతి అందుకునేవాళ్ళు), కార్నర్లు (వాళ్ళని అడ్డుకునేవాళ్ళు) పోర్టల్‌లోంచి, అంటే వేరే కాలేజీల నుంచి మారి, వచ్చి మొదటి వారమే మెరవగలరు, టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ) మీద 45-42 గెలుపులో అదే చూశాం. లైన్ అలా కాదు. సీజన్‌లో జట్టు ప్రాక్టీసుకి కాలేజీ ఆటల్ని నడిపించే ఎన్‌సీఏఏ సంస్థ వారానికి 20 గంటలకి మించి ఒప్పుకోదు. అందులోనే వీడియోలు చూడటం, బరువులెత్తడం అన్నీ. ఆ భుజం స్పర్శ ఎప్పుడు నేర్చుకుంటారు? ఓరెగన్‌తో ఆటలో 7 శాక్‌లు తిన్నారు, రోజ్ బౌల్ స్టేడియంలో యూసీఎల్ఏతో ఆటలో మళ్ళీ 7. షెడ్యూర్ ఆ ఏడాది 11 మ్యాచ్‌ల్లో 52 సార్లు పడ్డాడు. వెన్నులో ఫ్రాక్చర్‌తో యూటాతో చివరి మ్యాచ్ ఆడనే లేదు.

ఆ ఏడాది అక్టోబరు 13న స్టాన్‌ఫర్డ్ మ్యాచ్‌కి నేనూ మావాడూ కొలరాడో సొంత మైదానం ఫోల్సమ్ ఫీల్డ్‌కి వెళ్ళాం. సగం ఆటకి 29-0. అంత ఆధిక్యం ఉన్నప్పుడు బంతి పట్టుకుని పరిగెత్తి, గడియారం నడిపించి ఇంటికి పోవాలి. పరుగుకి దారి తియ్యాల్సింది లైనే కదా. అది జరగలేదు. రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 46-43తో ఓడిపోయాం. 

2023లోనూ 2024లోనూ కొలరాడో బంతితో పరిగెత్తి సంపాదించే గజాల్లో దేశంలో అట్టడుగు. మ్యాచ్‌కి సగటున 70 గజాలు కూడా లేవు. ఇది చూపించి రన్నింగ్‌బ్యాక్‌లను (బంతితో పరిగెత్తేవాళ్ళను) తిట్టేవాళ్ళు ఒకటి మర్చిపోతారు: కాలేజీ ఆటలో శాక్‌లో పోయిన గజాల్ని పరుగుల లెక్కలోంచే కోస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా చెయ్యరు. ఒకే తప్పుకి రెండు చోట్ల శిక్ష. ఈ నియమం మార్చాలని నా గట్టి అభిప్రాయం.

2024కి ఫైవ్ స్టార్ (హైస్కూల్ ఆటగాళ్ళకిచ్చే అత్యున్నత రేటింగ్) కుర్రాడు జోర్డన్ సీటన్ వచ్చి మొదటి ఏడాదే లెఫ్ట్ టాకిల్‌గా నిలబడ్డాడు. లైన్ కోచ్‌గా ఫిల్ లోడ్‌హోల్ట్ వచ్చాడు. 9 గెలిచారు. అయినా షెడ్యూర్ 42 సార్లు పడ్డాడు. సీటన్ పక్కన మళ్ళీ చాలావరకు పోర్టల్‌లోంచి వచ్చినవాళ్ళే. ఒక్క గొప్ప టాకిల్ ఎంత చేస్తాడు?

మిషిగన్ యూనివర్సిటీ జట్టుని చూడండి. దేశంలో అత్యుత్తమ లైన్‌కి 2015 నుంచి జో మూర్ అవార్డు ఇస్తున్నారు. ఒక ఆటగాడికి కాదు, లైన్ మొత్తానికి. 2021లో, 2022లో వరసగా మిషిగన్‌దే. 2022లో వర్జీనియా నుంచి ఒలు ఒలువాటిమీ అనే సెంటర్‌ని తెచ్చుకున్నారు, లైన్ లోపలివైపు ఆడేవాళ్ళలో అత్యుత్తముడికిచ్చే అవుట్‌ల్యాండ్ ట్రోఫీ కూడా అతనికి వచ్చింది. కానీ అతను వచ్చింది ఎన్నాళ్ళుగానో కలిసి ఆడుతున్నవాళ్ళ మధ్యలోకి. కుదిరిన సంసారంలోకి ఒక కోడలు రావడం వేరు, అందరూ ఒకే రోజు కొత్తగా కాపురం పెట్టడం వేరు.

షెడ్యూర్ తప్పేమీ లేదా అంటే ఉంది. వెనక్కి వెనక్కి జరిగి, ఇంకా ఎవరైనా ఖాళీగా దొరుకుతారేమోనని బంతి పట్టుకుని తిరిగేవాడు. క్వార్టర్‌బ్యాక్ ఏడు గజాల వెనక ఉంటాడనుకుని టాకిల్ కాళ్ళు సర్దుకుంటాడు, క్వార్టర్‌బ్యాక్ పది గజాలు జరిగితే అంచునుంచి వచ్చేవాడికి దారి దొరికినట్టే. ఆ శాక్‌ల్లో కొన్ని కచ్చితంగా అతని ఖాతాలోవే. అయితే ఏడాది పొడవునా దెబ్బలు తిన్న మనిషి లైన్‌ని నమ్మి నిలబడటం కష్టం. నిలబడకపోతే లైన్ ఇంకా చెడ్డగా కనిపిస్తుంది.

మీకు అనుమానం ఉంటే ఈసారి మైదానం చివర, ఎండ్ జోన్ వెనక సీట్లు తీసుకోండి, సాధారణంగా చవగ్గా కూడా దొరుకుతాయి. టీవీ కెమెరా పక్కనుంచి చూపిస్తుంది కాబట్టి గార్డ్‌కీ టాకిల్‌కీ మధ్య తెరుచుకునే సందు అందులో కనిపించదు, అక్కణ్ణుంచి కనిపిస్తుంది. మొదటి క్వార్టర్ బంతిని వదిలేసి ఆ ఐదుగురి భుజాలే చూడండి.