ఆఫర్ లెటర్‌లో మీ ఊరి పేరుందా?

పాఠకుల ప్రశ్నలు - ఉద్యోగం

ప్రశ్న: మాది పర్లాకిమిడి. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం ఇస్తామంటోంది. ఏడాదికి 6 లక్షలట. వారంలో ఏ సంగతీ చెప్పమన్నారు. నాన్నగారికి సుగర్, గుండె జబ్బు ఉన్నాయి, నేను ఊరు వదల్లేను. ఒప్పుకునే ముందు ఏమేం అడగాలి?
- ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: ఊరు వదల్లేనన్నారు కాబట్టి జీతం సంగతి తర్వాత. ముందు "ఆఫర్ లెటర్‌లో నా పని స్థలం ఏమని రాస్తారు?" అని అడగండి. చాలా లెటర్లలో "పని స్థలం హైదరాబాద్, యాజమాన్యం అనుమతించినంత కాలం ఇంటి నుంచి పనిచేయవచ్చు" అన్న అర్థం వచ్చేలా ఓ వాక్యం ఉంటుంది. హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్లో "పర్మనెంట్ రిమోటేనండీ" అని ఎంత గట్టిగా చెప్పినా, రేపు ఆఫీసుకు రమ్మన్నప్పుడు చెల్లేది ఆ వాక్యమే. దాన్ని "పని స్థలం: ఉద్యోగి నివాసం, పర్లాకిమిడి, ఒడిశా" అని మార్చమనండి. అందుకు ఒప్పుకోకపోతే, ఆఫీసుకు రప్పించాలంటే కనీసం 90 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేస్తామని చేర్చమనండి. అదీ కాదంటే ఫోన్లో అన్న మాటనే మెయిల్లో పెట్టమనండి. మెయిల్ పెట్టడానికి కూడా వెనకాడితే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

ఏడాదికి ఎన్నిసార్లు ఆఫీసుకు రావాలి, ఖర్చు ఎవరిది అన్నది వెంటనే తేల్చుకోండి. మీరు పలాస వెళ్లి రైలెక్కాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. వాళ్లు వారం ముందు కబురు చేస్తే తత్కాల్ తప్ప దారి ఉండదు. టికెట్టు, బస, తిండి మూడూ ఇస్తారా, టికెట్టు ఒక్కటేనా?

ఇక ఆ 6 లక్షలు. అది సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) అయితే నెలకు 50,000 చేతికొస్తుందని లెక్కేసుకోకండి. బేసిక్ 25,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం అంటే మీ వాటా 3,000, కంపెనీ వాటా ఇంకో 3,000. కంపెనీ వాటా కూడా ఆ 50,000లోదే. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 1,200, పక్కన పెడతారు. వృత్తి పన్ను 200. మిగిలేది 42,600. ఆ 50,000లో 10 శాతం 'వేరియబుల్' (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అని ఉంటే నెలనెలా వచ్చేది 37,600కి దిగుతుంది. అందుకే "వేరియబుల్ కాకుండా నెలకు చేతికి ఎంత?" అని సూటిగా అడిగి, విడివిడి లెక్క కాగితం మీద తీసుకోండి. ఉద్యోగిగా కాక 'కన్సల్టెంట్' అని తీసుకుంటే లెక్క వేరు: 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు (రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది), పీఎఫ్, జీతంతో కూడిన సెలవులు, బీమా సాధారణంగా ఉండవు.

నాన్నగారి విషయంలో మూడు ప్రశ్నలు మరిచిపోకండి. గ్రూపు ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులను చేర్చుకోనిస్తారా? ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా? బరంపురం, శ్రీకాకుళం, విశాఖల్లో నగదు కట్టనక్కర్లేని ఆసుపత్రులేవి? జాబితాలో అన్నీ హైదరాబాద్ ఆసుపత్రులే ఉంటే అర్ధరాత్రి ఆపద వేళ ఆ కార్డు మీకు అక్కరకు రాదు.

ప్రశ్న: మాకు 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, ఇన్వర్టరూ ఉంది. అయినా ఇంటర్వ్యూ మధ్యలో కాల్ రెండుసార్లు తెగింది. కారణం ఏమిటి? రేపు ఉద్యోగంలో ఇలాగే అయితే?
- ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో మీ రౌటర్ ఆగి, మళ్లీ మొదలై ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి మీకు తేడా తెలియదు. రౌటర్ మాత్రం తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు 'యూపీఎస్' అని ఒక స్విచ్ ఉంటుంది. అది 'ఎకో'లో ఉంటే యూపీఎస్ వైపు తిప్పండి. అప్పటికీ ఆగుతుంటే రౌటర్‌కు మినీ యూపీఎస్ పెట్టండి. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టు, ఆంపియరు చూడండి. సాధారణంగా 12 వోల్టులే ఉంటాయి, కానీ 9 వోల్టుల రౌటర్‌కు 12 ఇస్తే కాలిపోవచ్చు.

ల్యాప్‌టాప్ 60 వాట్లు, రౌటర్ 10, ఫ్యాను 70, లైటు 10, మొత్తం 150. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు ఉన్నట్టు లెక్క. పూర్తిగా తోడకూడదు, ఇన్వర్టర్‌లోనూ కొంత పోతుంది. చేతికందేది సుమారు 1,100, అంటే ఏడు గంటలు. ఇది కొత్త బ్యాటరీ మాట. నాలుగేళ్ల పాతదైతే అందులో సగమే అనుకోండి.

ఇంట్లో కరెంటున్నా నెట్ పోతోందంటే లోపం ఆపరేటర్ వైపు ఉండొచ్చు. మీ వీధికి నెట్ అందించే ఆయన పెట్టెకు బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుందో కనుక్కోండి. 100 అన్నది ఎక్కువగా డౌన్‌లోడ్ సంగతే అయి ఉండొచ్చు. వీడియో కాల్‌కు అప్‌లోడ్ నిలకడగా 3-4 ఎంబీపీఎస్ కావాలి. పొద్దున 10కి, మధ్యాహ్నం 3కి, రాత్రి 9కి, ఇలా వారం పాటు కొలిచి రాసి పెట్టుకోండి. రెండో దారిగా వేరే కంపెనీ సిమ్ ఉంచుకోండి. హెచ్‌డీ వీడియో కాల్ గంటకు సుమారు ఒక జీబీ తింటుంది కాబట్టి రోజుకు 2 జీబీ ప్యాక్ రెండు గంటల్లో అయిపోతుంది. కాల్‌లో మీ వీడియో ఆపేస్తే చాలాసేపు నెగ్గుకొస్తారు.

కంపెనీని అడగాల్సింది ఇది: "తుఫానుకు కరెంటు, నెట్ రెండూ పోతే ఆ రోజులు నా సెలవుల్లోంచి తీస్తారా?" 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి, రాయగడ జిల్లాలను ఎలా ముంచిందో మన ప్రాంతంలో ఒకరు చెప్పనక్కర్లేదు. మహానగరంలో కూర్చున్న మేనేజరుకు మాత్రం ముందే చెప్పాలి. నెట్ బిల్లు ఇస్తారా, ల్యాప్‌టాప్ చెడితే బదులు ఎన్ని రోజుల్లో పంపుతారు, కొరియర్ ఖర్చెవరిది అన్నవీ అదే మెయిల్లో అడిగేయండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ పంపడానికి 8,500 డిపాజిట్ కట్టమంటున్నారు. జీతంతో పాటు తిరిగిస్తారట. కట్టవచ్చా?
- ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: కట్టకండి. నిజమైన యజమాని సామాను ఇచ్చి సంతకం తీసుకుంటాడు, డబ్బు తీసుకోడు. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు వెతికితే ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టారో కనిపిస్తుంది. 500 మంది ఉన్నామని చెప్పేవాళ్లకు అక్కడ ఆరుగురే కనిపిస్తే అనుమానించాల్సిందే. పేరున్న కంపెనీ పేరు వాడుకుని మోసం చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి మెయిల్ అడ్రసు ఆ కంపెనీదేనా అన్నది అక్షరం అక్షరం సరిచూడండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా ఈ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: న్యూయార్క్ టీముతో పని. వేళలు "ఉదయం 9 నుంచి 6, వాళ్ల టైము" అన్నారు. మనకు ఎప్పుడవుతుంది?
- ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకు సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30. మిగతా నెలల్లో రాత్రి 7:30 నుంచి 4:30. తొమ్మిది గంటలూ ఉండాలా, వాళ్ల వేళలతో నాలుగు గంటలు కలిస్తే సరిపోతుందా అని అడగండి. సెలవులు ఏ క్యాలెండరు ప్రకారం ఇస్తారో కూడా తేల్చుకోండి. అమెరికా సెలవులే అయితే సంక్రాంతికి, రథయాత్రకు మీరు సొంత సెలవు పెట్టుకోవాలి.